బాపు కాలు చల్లబడింది, ఛాతీ ఆపరేషన్ అంటున్నారు. అయోర్టా డిసెక్షన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పరకాల బిడ్డ
జనవరి, శుక్రవారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి.

మా బాపుకు 58 ఏళ్లు. పొద్దున మిర్చి లోడుతో ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లాడు. హమాలీ వచ్చేలోపే తొందరపడి ఒక బస్తా తనే ఎత్తాడట. మెడ వెనక ఏదో చిరిగినట్టు అనిపించి, రెండు నిమిషాల్లో తగ్గిపోయిందట. ఆ తర్వాత నొప్పి అన్నదే లేదు. కానీ ఎడమ కాలు మొద్దుబారి ఈడ్చుకుంటూ నడిచాడు. పక్కనున్నవాళ్లు పక్షవాతం అనుకుని దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడా పక్షవాతమే అన్నారు. తలకు సీటీ తీస్తే ఏమీ కనిపించలేదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇద్దామా అని మాట్లాడుకుంటుండగా ఒక నర్సమ్మ బాపు పాదాలు రెండూ పట్టి చూసి, "సార్, ఈ కాలు చల్లగా ఉంది, నాడి దొరకట్లేదు" అంది. అప్పుడు రెండు చేతులకూ బీపీ చూశారు. కుడి చేతికి పైది 90, ఎడమ చేతికి 150. వెంటనే ఛాతీ నుంచి కాళ్ల దాకా సీటీ యాంజియో తీశారు.

గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం అయోర్టా లోపలి పొర చిరిగిందట. ఆ చీలిక కిందికి పాకుతూ ఎడమ తొడ దాకా వచ్చిందట. 'టైప్ ఏ' అంటున్నారు. 108లో ఇక్కడికి తెచ్చాం. ఇప్పుడే ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాలి, సంతకం పెట్టండి అంటున్నారు.

కాలు మొద్దుబారితే ఛాతీ ఎందుకు కోయాలి? రేపు పొద్దున ఇంకో డాక్టర్‌కు రిపోర్టు చూపించి అప్పుడు సంతకం పెడదామని చిన్నబాపు అంటున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు.

కాకతీయ 1998 బ్యాచ్
రాత్రి 9:26

అమ్మా, నేను గుండె సర్జన్‌ని. ఇది చదివి వెంటనే లేచి వెళ్లి సంతకం పెట్టు. ఇంకో డాక్టర్‌ను అడగడం తప్పు కాదు. కానీ ఈ జబ్బుకు రేపు పొద్దున అనేది చాలా దూరం. ఆపరేషన్ లేకుండా వదిలేస్తే తొలి 48 గంటల్లో గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున పోతారని మేం చదువుకున్నాం. ఈమధ్య లెక్కల్లో ఆ వేగం కొంత తగ్గినట్టు చూపినా, ఆగమని చెప్పే సర్జన్ ఎవరూ ఉండరు. బీపీ, గుండె వేగం తగ్గించే డ్రిప్ ఇప్పటికే నడుస్తూ ఉండాలి, ఒకసారి చూడు.

ఛాతీ ఎందుకో బాపును లోపలికి పంపాక రాస్తాను.

పరకాల బిడ్డ
రాత్రి 9:48

పెట్టాను సార్. మీరు రాసింది చిన్నబాపుకు చదివి వినిపిస్తే ఇంకేం మాట్లాడలేదు. లాబెటలాల్ అని డ్రిప్ ఉంది. 10 గంటలకు లోపలికి తీసుకెళ్తారట. వందలో 20 మంది దాకా బతకకపోవచ్చని కాగితంలో ఉంది. ఆ లైన్ దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది.

108 రాత్రి షిఫ్ట్
రాత్రి 10:02

ధైర్యంగా ఉండు చెల్లె. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 150 కిలోమీటర్లు. జనగామ దాటి, భువనగిరి దాటి, ఘట్‌కేసర్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. బండి ఎంత తొందరగా వెళ్లింది అన్నదానికంటే, దారి పొడుగునా బీపీ పెరగకుండా వచ్చింది అన్నదే మీ బాపు విషయంలో ముఖ్యం. నొప్పి ఉన్నవాళ్లకు నొప్పి తగ్గించే మందు ఇచ్చి పంపాలి. నొప్పితో బీపీ పెరుగుతుంది, బీపీతో చీలిక పెరుగుతుంది. పంపించే డాక్టర్ ముందే ఫోన్ చేసి థియేటర్ రెడీగా ఉందని కనుక్కుంటే దారిలో మాకు సగం భయం పోతుంది. ఒక ఆస్పత్రి గేటు దాకా వెళ్లి, అక్కడ సర్జన్ లేరని ఇంకో ఆస్పత్రికి తిప్పిన రాత్రి ఒకటి నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు.

కాకతీయ 1998 బ్యాచ్
రాత్రి 10:35

బాపు లోపలికి వెళ్లి ఉంటాడు. ఇప్పుడు చెప్తాను.

మీది వ్యవసాయ కుటుంబం కాబట్టి కాకతీయ కాలువ చూసే ఉంటావు. కాలువకు సిమెంటు లైనింగ్ ఉంటుంది కదా. పైన ఎక్కడో లైనింగ్ పగిలి నీళ్లు దాని కిందికి దూరాయనుకో. నీళ్ల ఒత్తిడికి పలక మట్టి నుంచి విడిపోతూ కిలోమీటర్ల దాకా లేస్తుంది. లేచిన పలక వెళ్లి ఒక తూముకు అడ్డం పడితే ఆ తూము కింది పొలాలకు నీళ్లు బంద్. ఎండిన పొలం దగ్గర తవ్వితే లాభం లేదు. పైన పగిలిన చోటే మూయాలి.

అయోర్టాకు మూడు పొరలుంటాయి. లోపలి పొర చిరిగి రక్తం మధ్య పొరలోకి దూరుతుంది. అసలు దారి పక్కనే ఒక దొంగ దారి ఏర్పడుతుంది. విడిపోయిన పొర ఏ కొమ్మకు అడ్డం పడితే ఆ అవయవం దెబ్బతింటుంది. మీ బాపుకు ఎడమ కాలి కొమ్మ. కుడి చేతికి వెళ్లే కొమ్మ కూడా నలిగింది కాబట్టే ఆ చేతికి బీపీ తక్కువ. ఇంకొకరికి మెదడు కొమ్మ, ఇంకొకరికి పేగుల కొమ్మ. అందుకే దీనికి ఒక్క ముఖం లేదు. మాకు నేర్పిన 'వీపులో చీల్చినట్టు నొప్పి' చాలామందికి ఉంటుంది కానీ అందరికీ కాదు. 1996లో మొదలైన, ఈ జబ్బు కేసులను నమోదు చేసే అంతర్జాతీయ రిజిస్ట్రీలో నూటికి ఆరుగురికి అసలు నొప్పే లేదు.

చీలిక గుండె నుంచి పైకి వెళ్లే భాగంలో ఉంటే టైప్ ఏ. అక్కడ ప్రమాదం కాలు కాదు. రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలోకి కారి గుండెను నొక్కేయడం, గుండె కవాటం జారిపోవడం, గుండెకే రక్తం ఇచ్చే నాళం మూసుకుపోవడం. నిమిషాల్లో ప్రాణం పోయేది వీటితోనే.

ఇప్పుడు లోపల ఏం జరుగుతోందంటే, ఛాతీ ఎముక తెరిచి రక్తాన్ని హార్ట్ లంగ్ మెషీన్ మీదికి మళ్లిస్తారు. ఒంటిని మెల్లగా చల్లబరుస్తారు. ఒకప్పుడు 18 డిగ్రీల దాకా వెళ్లేవాళ్లం, ఇప్పుడు చాలా చోట్ల 24 నుంచి 28 దగ్గర ఆగుతున్నారు. తర్వాత కొద్దిసేపు ఒంట్లో రక్తప్రసరణ పూర్తిగా ఆపేస్తారు. మెదడుకు మాత్రం, ఎక్కువగా కుడి భుజం కింది నాళం నుంచి, విడిగా రక్తం పంపుతూ ఉంటారు. చల్లబడ్డ ఒళ్లు ఆ కాసేపు ఓర్చుకుంటుంది. ఆ సమయంలో చిరిగిన ముక్క కోసి తీసేసి డాక్రాన్ అనే గుడ్డతో చేసిన గొట్టం కుడతారు.

కుట్టడమే అసలు కష్టం. ఇలా చీలిన అయోర్టా వంకాయ రంగులో ఉబ్బి ఉంటుంది. పాత పట్టుచీర కుట్టు వేసిన చోటే పిగిలిపోయినట్టు, సూది దించిన చోటల్లా తెగుతుంది. అందుకే లోపలా బయటా ఫెల్ట్ పట్టీలు పెట్టి వాటి మీంచి కుడతాం. గంటలు పడుతుంది. రక్తం ఆగడానికి ఇంకా పడుతుంది. తెల్లవారినా బయటికి రాకపోతే భయపడకు.

హన్మకొండ చౌరస్తా
రాత్రి 11:05

డాక్టర్ సార్, ఈ కాలువ పోలికతో నాకు మొదటిసారి అర్థమైంది. ఐన్‌స్టీన్ కూడా దీనితోనే పోయాడని విన్నాను, నిజమేనా?

కాకతీయ 1998 బ్యాచ్
రాత్రి 11:12

అది వేరు. 1955లో ఆయన పోయింది కడుపులో ఉబ్బిన అయోర్టా పగిలి. ఉబ్బడం అన్యూరిజం, పొరలు విడిపోవడం డిసెక్షన్. ఉబ్బినది చీలవచ్చు, చీలినది తర్వాత ఉబ్బవచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. డిసెక్షన్‌కు పాత కేసు కావాలంటే బ్రిటన్ రాజు రెండో జార్జ్. 1760 అక్టోబర్ 25న పొద్దున మరుగుదొడ్డిలో కుప్పకూలాడు. శవపరీక్షలో గుండె సంచి నిండా రక్తం, అయోర్టాలో చీలిక కనిపించాయని ఆయన వైద్యుడు ఫ్రాంక్ నికోల్స్ రాసిపెట్టాడు.

క్యాజువాలిటీ డ్యూటీ
రాత్రి 11:40

నేను ఉత్తర తెలంగాణలో ఒక చిన్న ప్రభుత్వాస్పత్రిలో పనిచేస్తాను. ఆ నర్సమ్మ గురించి చదివాక నా అనుభవం రాయకుండా ఉండలేకపోతున్నాను.

రెండేళ్ల కింద, రాత్రి డ్యూటీ. 50 ఏళ్ల మనిషి, చెమటలు, ఛాతీ నొప్పి. ఈసీజీ తీస్తే 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో గీత లేచి ఉంది. గుండెపోటు, గుండె కింది గోడ. అంత స్పష్టంగా ఉంది. గడ్డ కరిగించే మందు టెనెక్టిప్లేజ్ కలిపి సిరంజిలోకి తీసుకున్నాం. పేషెంట్ భార్య నా వెనక నిలబడి, "పొద్దున నుంచి మెడ దగ్గర అన్నాడు సారూ, తర్వాత వీపు అన్నాడు, ఇప్పుడు నడుములోకి దిగింది అంటున్నాడు" అంది. గుండెపోటు నొప్పి చేతికి పాకుతుంది, దవడకు పాకుతుంది. ఇలా మెట్టు మెట్టు దిగదు. రెండు చేతులకూ బీపీ చూశాను. ఒకదానికి 170, ఇంకోదానికి 120. స్టెతస్కోప్ పెడితే కవాటం కారుతున్న చప్పుడు. సిరంజి పక్కన పెట్టేశాను.

ఆయనకు చీలిక, గుండెకు రక్తం ఇచ్చే కుడి కరోనరీ నాళం మూతిని మూసేసింది. గుండెపోటు నిజమే, దాని మూలం వేరు. ఆ మందు ఇచ్చి ఉంటే, గుండె సంచిలోకి కారే రక్తాన్ని ఆపగలిగేది ఏదీ మిగిలేది కాదు. ఆ రాత్రి తర్వాత ఇంజెక్షన్ ఇచ్చే ముందు నేను మూడు పనులు చేస్తున్నాను. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో అడుగుతాను, రెండు చేతుల బీపీ చూస్తాను, రెండు తొడల దగ్గర నాడి చూస్తాను. రెండు నిమిషాలు చాలు. గుండెపోటు ఇంజెక్షన్‌ను ఆలస్యం చేయమని నేను అనట్లేదు. ఎక్కువమందికి అది ప్రాణం నిలిపే మందు.

హన్మకొండ చౌరస్తా
రాత్రి 11:52

ఎక్స్‌రేలో తెలియదా సార్? రక్తపరీక్ష ఏదైనా ఉందా?

క్యాజువాలిటీ డ్యూటీ
శనివారం 12:01

ఎక్స్‌రేలో ఛాతీ మధ్య భాగం వెడల్పుగా కనిపిస్తే అనుమానం రావాలి. కానీ మామూలుగా ఉందని వదిలేయకూడదు. డీ డైమర్ అని ఒక పరీక్ష ఉంది. అనుమానం తక్కువగా ఉన్నప్పుడు, అది 500 లోపు వస్తే చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు. అనుమానం గట్టిగా ఉంటే దానికోసం ఆగకుండా సీటీ యాంజియోకు పంపాలి.

కాజీపేట జంక్షన్
12:20

నిద్ర పట్టక చూస్తున్నా బిడ్డా. నేను రైల్వేలో రిటైర్ అయ్యాను. నాకూ ఇదే జబ్బు, టైప్ బీ. అంటే చీలిక గుండె నుంచి పైకి వెళ్లే భాగంలో కాదు, ఆ తర్వాతి భాగంలో. నాకు ఛాతీలో ఏమీ లేదు. భోజనం చేసి లేచాక కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. గ్యాస్ అని రెండు రోజులు సిరప్ తాగించారు. మూడో రోజు మూత్రం తగ్గింది, గొంతు బొంగురుపోయింది. గొంతుకూ కడుపుకూ సంబంధం ఏమిటని ఎవరూ ఆలోచించలేదు. అయోర్టా వంపు కింది నుంచే గొంతు నరం తిరిగి వెళ్తుందట. అక్కడ ఉబ్బి దాన్ని నొక్కింది. కింద మూత్రపిండాలకు, పేగులకు రక్తం సరిగా అందట్లేదు. నాకు ఛాతీ తెరవలేదు. గజ్జల్లోంచి తీగ పంపి లోపల స్టెంట్ గొట్టం పరిచి, చిరిగిన చోటు మూశారు.

అప్పటికి పదేళ్ల నుంచి నాకు బీపీ ఉంది. గోళీ వేసుకుంటే తల తిరుగుతోందని నేనే మానేశాను. ఈ మాట నా పిల్లలకు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

పరకాల బిడ్డ
12:41

మా బాపు కూడా అంతే పెద్దనాన్నా. బీపీ ఉందని క్యాంపులో చెప్పి గోళీలు ఇచ్చారు. డబ్బా అలాగే ఉంది. 58 ఏళ్ల ఒంటికి ఇంత పెద్ద ఆపరేషన్ తట్టుకునే శక్తి ఉంటుందా?

కాకతీయ 1998 బ్యాచ్
12:50

ఈ ఆపరేషన్‌కు దారి వేసిన సర్జన్లలో మైకేల్ డిబేకీ ఒకడు. ఈ జబ్బును రకాలుగా విడగొట్టిన పద్ధతి ఒకటి ఆయన పేరుతోనే ఉంది. 2005 డిసెంబర్ 31న, 97 ఏళ్ల వయసులో, ఆయనకే అయోర్టా చీలింది. మొదట ఆపరేషన్ వద్దన్నాడు. 2006 ఫిబ్రవరిలో ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన జార్జ్ నూన్ ఆపరేషన్ చేశాడు. నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు కానీ కోలుకుని మళ్లీ పనిలోకి వెళ్లి 2008 జులై దాకా బతికాడు. మీ బాపుకు 58 అమ్మా.

పరకాల బిడ్డ
శనివారం తెల్లవారుజామున 5:15

బయటికి తెచ్చారు. గొట్టం వేశారట, కవాటం మార్చలేదట, దాన్నే సరిచేసి కుట్టారట. ఎడమ పాదంలో నాడి వచ్చిందని డాక్టర్ గారే వచ్చి చెప్పారు. కాలికి ఏమీ చేయకుండానే వచ్చింది సార్.

కాకతీయ 1998 బ్యాచ్
ఉదయం 5:31

పైన మూస్తే కింది తూముకు నీళ్లు వచ్చాయి. ఇవాళ, రేపు ఆ పిక్కను గమనిస్తూ ఉండాలి. గంటల తరబడి రక్తం లేని కండరానికి ఒక్కసారిగా రక్తం వస్తే వాచి బిగుసుకుంటుంది. పిక్క రాయిలా గట్టిపడినా, వేళ్లు కదిలిస్తే విపరీతంగా నొప్పి అన్నా నర్సుకు వెంటనే చెప్పు.

పరకాల బిడ్డ
ఆదివారం రాత్రి 8:10

మీరు చెప్పినట్టే అయింది సార్. నిన్న సాయంత్రం పిక్క గట్టిపడింది. చెప్పగానే చూసి, చర్మం, లోపలి పొర చీల్చి ఒత్తిడి తగ్గించారు. చూడలేకపోయాను కానీ వేళ్లు కదులుతున్నాయి. ఇవాళ గొంతులో గొట్టం తీశారు. మొదటి మాట, "బస్తాలు ఎవరు చూస్తున్నరు?" అన్నాడు.

డబ్బు గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

108 రాత్రి షిఫ్ట్
ఆదివారం రాత్రి 8:45

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. రేషన్ కార్డు, ఆధార్, సీటీ రిపోర్టు తీసుకుని రేపు పొద్దున్నే వెళ్లు చెల్లె. ఏ ప్యాకేజీ కింద వస్తుందో వాళ్లే చూస్తారు.

ములుగు టీచరమ్మ
సోమవారం సాయంత్రం 6:30

ఇప్పుడే మొత్తం చదివాను చెల్లె. ఒక్కటి అడుగుతాను. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా?

మా తమ్ముడు ఆరడుగుల మూడంగుళాలు. బడిలో వాలీబాల్ హీరో. చేతివేళ్లు పొడుగు, బొటనవేలు మడిచి పిడికిలి పడితే గోరు అవతలి పక్కకు వచ్చేది. అందరం ముచ్చటపడేవాళ్లం. కంట్లో లెన్స్ జరిగిందని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన కంటితో ఆగకుండా గుండెకు ఎకో స్కాన్ తీయించుకోమన్నారు. అయోర్టా మొదలు 4.9 సెంటీమీటర్ల దాకా ఉబ్బి ఉంది. మార్ఫాన్ అన్నారు, ఒంట్లో కణజాలాన్ని పట్టి ఉంచే పదార్థం పుట్టుకతోనే బలహీనంగా ఉండే జబ్బు. చీలకముందే తీరిగ్గా ఆపరేషన్ చేయించుకున్నాడు. ఫ్లో హైమన్ అనే అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి 1984 ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచి, 1986లో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో బెంచీ మీద కూలిపోయిందని తర్వాత చదివాను. ఆమెదీ ఇదే జబ్బు, బతికుండగా ఎవరూ కనిపెట్టలేదు. అప్పటినుంచి నా క్లాసులో అలా పొడుగ్గా, సన్నగా, పొడవాటి వేళ్లతో పిల్లలుంటే తల్లిదండ్రులను పిలిచి ఒక్కసారి ఎకో తీయించమని చెప్తున్నాను.

ఇంకో మాట. జ్వరమనో, మూత్రంలో మంట అనో ఊళ్లో సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ తేలిగ్గా ఇచ్చేస్తారు. అయోర్టా జబ్బు ఉన్నవాళ్లు వేరే మందు ఉంటే వీటికి దూరంగా ఉండాలని అమెరికా ఔషధ సంస్థ 2018 డిసెంబర్‌లో హెచ్చరించింది. మీ బాపు మందుల చీటీ మీదే ఇది రాసి పెట్టుకో.

పరకాల బిడ్డ
సోమవారం రాత్రి 9:05

అక్కా, మా తాత 52 ఏళ్లకు పొలంలో పడిపోయి పోయాడు. గుండెపోటు అన్నారు. ఎవరూ పరీక్ష చేయలేదు.

కాకతీయ 1998 బ్యాచ్
సోమవారం రాత్రి 9:40

అయితే నువ్వు, మీ తమ్ముడు, చిన్నబాపు ముగ్గురూ ఎకో చేయించుకోండి. ఎకోలో అయోర్టా సరిగా కనిపించకపోతే సీటీ. పొడుగ్గా లేకపోయినా, మార్ఫాన్ లేకపోయినా కుటుంబాల్లో ఇది వస్తుంది. చిన్నబాపు బీపీ ఇవాళే చూపించు.

పరకాల బిడ్డ
ఏప్రిల్ చివరి వారం

అందరికీ నమస్కారం. బాపు ఇంట్లోనే ఉన్నాడు, కాలు కాస్త ఈడుస్తాడు కానీ కర్ర లేకుండా నడుస్తున్నాడు. మెటోప్రొలాల్, ఇంకో బీపీ గోళీ. ఇంట్లో మిషన్ కొన్నాం, 124, 126 ఉంటోంది. మూడు నెలల సీటీలో పైన వేసిన గొట్టం బాగుందట. కానీ కింది భాగంలో దొంగ దారి ఇంకా తెరిచే ఉందని, అక్కడ అయోర్టా 3.7 సెంటీమీటర్లు ఉందని రాశారు. ఆపరేషన్ సగమే అయిందా సార్? రక్తం పలుచన చేసే మందు కూడా రాయలేదు. మా ఊళ్లో ఇంకొకాయన ఇలాంటి ఆపరేషన్‌కే ఆ మందు వాడుతున్నాడు.

నాకు, తమ్ముడికి ఎకో బాగుంది. చిన్నబాపుకు పైకి వెళ్లే భాగం 4.4. బీపీ 170. ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా చూపించుకోలేదు.

కాకతీయ 1998 బ్యాచ్
అదే రోజు రాత్రి

సగం కాదమ్మా. ఆ రాత్రి ప్రాణం తీసే భాగాన్ని మార్చారు. కింది దొంగ దారి చాలామందికి మిగులుతుంది. అది పెరుగుతోందా అన్నదే చూడాలి. ఆరో నెల, పన్నెండో నెల, ఆ తర్వాత ఏటా సీటీ. 5.5 దగ్గరికి వస్తున్నా, తొందరగా పెరుగుతున్నా, కాజీపేట పెద్దాయనకు వేసినట్టు స్టెంట్ గొట్టమో, ఇంకో ఆపరేషనో ఆలోచిస్తారు. బీపీ 130 బై 80 లోపు ఉంచితే చాలామందికి ఏళ్లు గడిచిపోతాయి.

మీ ఊరాయనకు లోహపు కవాటం వేసి ఉంటారు, దానికి వార్ఫరిన్ జీవితాంతం కావాలి. బాపుకు తన కవాటమే ఉంది కాబట్టి దానికోసం ఆ మందు అవసరం లేదు.

చిన్నబాపుకు 4.4 అంటే ఇప్పుడే ఆపరేషన్ కాదు. కుటుంబ చరిత్ర ఉంది కాబట్టి అందరికీ చెప్పే 5.5 దాకా ఆగకుండా ముందే ఆలోచించవచ్చు. కార్డియాలజిస్ట్‌ను కలవండి, గోళీ ఈ రాత్రి నుంచే మొదలవ్వాలి. ఆరు నెలలకు మళ్లీ కొలత, వీలైతే అదే సెంటర్‌లో.

పరకాల బిడ్డ
మరుసటి రోజు

గోళీ మొదలుపెట్టాడు సార్. రేపు చివరి లోడుతో ఏనుమాములకు వెళ్తున్నాడు. బస్తాలు ఎత్తవచ్చా అని అడగమన్నాడు.

కాకతీయ 1998 బ్యాచ్

ఒక్కటి కూడా వద్దు. హమాలీ వచ్చేదాకా ఆగమను.

పరకాల బిడ్డ

చెప్పాను సార్. బాపు కూడా వెంట వెళ్తానంటున్నాడు, పక్కన కూర్చుని ఎత్తకుండా చూస్తాడట.